సర్కారు అద్దెకు దిగితే

మార్కాపురంలోనో గిద్దలూరులోనో మెయిన్ రోడ్డు వెనక ఒక సందు. అందులో ఒక మామూలు డాబా ఇల్లు. గేటు పక్కన సిమెంటు తొట్టి, గోడకు ఆఫీసు బోర్డు, లోపల నాలుగు గదులు. మొన్నమొన్నటి దాకా సంసారం ఉన్న ఇల్లే. ఆ ఇంటి అద్దె ఒప్పందం తెరిచి అద్దెదారు ఎవరని చూస్తే ‘ఆంధ్రప్రదేశ్ గవర్నర్’ అని ఉంటుంది.

ఎగతాళికి అనడం లేదు. రాష్ట్ర ప్రభుత్వం చేసుకునే ఒప్పందాలు గవర్నర్ పేరిటే జరగాలని రాజ్యాంగం 299వ అధికరణ చెబుతుంది. సంతకం పెట్టేది హాస్టల్ వార్డెనో, అంగన్‌వాడీలు చూసే సీడీపీవోనో, తహసీల్దారో కావచ్చు. ఎవరైనా ఆ పేరు తరఫునే పెట్టాలి. గవర్నర్ మీద సొంతంగా ఏ బాధ్యతా పడదని అదే అధికరణ రెండో భాగంలో ఉంది. కాబట్టి మూడు నెలల బాడుగ ఆగిందని ఇంటాయన గవర్నర్ బంగళా గేటు దగ్గర కూర్చుంటే లాభం లేదు. పద్ధతి ప్రకారం కాగితం రాసుకోకపోతే ఏమవుతుందో చెప్పే కేసు ఒకటుంది. పశ్చిమ బెంగాల్లో పౌరసరఫరాల శాఖ అధికారులు అడిగారని బి.కె. మండల్ అండ్ సన్స్ అనే కాంట్రాక్టు సంస్థ గోదాము, ఆఫీసు గది వగైరా కట్టి ఇచ్చింది. సరైన ఒప్పందం లేదు. తీరా బిల్లు పెడితే ఒప్పందమే చెల్లదు పొమ్మన్నారు. 1960ల మొదట్లో సుప్రీంకోర్టు ఆ పంచాయతీ తేల్చింది: ఒప్పందం చెల్లకపోవచ్చు, వాడుకున్నదానికి మాత్రం కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ కింద డబ్బు కట్టాల్సిందే. ఆ సంస్థకు డబ్బు దక్కింది నిజమే, కానీ సుప్రీంకోర్టు దాకా నడిచి వెళ్లాక దక్కింది.

ఒప్పందం ఎంత పకడ్బందీగా రాసినా దానికి ప్రాణం అందులోని ఒక్క అంకె: నెలకు ఎంత. ఆ అంకెను పుట్టించే రెండు మూడు పేజీల గురించే ఈ పరిచయం. ఆఫీసు భాషలో దాన్ని రెంట్ సర్టిఫికెట్ అంటారు. ఇచ్చేది రోడ్లు భవనాల శాఖ. జనం నోట ఆర్ అండ్ బీ. వంతెన కడితే శిలాఫలకం మీద పేర్లుంటాయి. ఈ పేజీలు రాసిన అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) పేరు ఫైల్లోనే ఉండిపోతుంది. బాగా రాసిన రెంట్ సర్టిఫికెట్ చదువుతుంటే నాకు మంచి తాపీ పని చూసినంత ముచ్చటేస్తుంది.

పడమటి ప్రకాశంలో ఈ కాగితానికి గిరాకీ ఎప్పుడూ తగ్గలేదు. సరిహద్దు గీతలు మారినప్పుడల్లా గదుల వేట మొదలవుతుంది కదా. మార్కాపురం, గిద్దలూరు ఒకప్పుడు కర్నూలు జిల్లావి. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి ముక్కలు తీసి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. 1985లో తాలూకాలు పోయి రాష్ట్రమంతా 1,100కు పైగా మండలాలు వచ్చాయి. అంతకుముందు తాలూకా కేంద్రంలో ఒక్క కచేరీ ఉంటే సరిపోయేది. ఇప్పుడు అర్ధవీడుకొకటి, రాచర్లకొకటి, కొమరోలుకొకటి, తర్లుపాడుకొకటి, పెద్దారవీడుకొకటి. ఒక్క తహసీల్దారు ఆఫీసుతో పోతుందా, దాని వెనకే పది శాఖల వాళ్లు కుర్చీలు పట్టుకొని వస్తారు. 2019 అక్టోబర్ 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి, కనిగిరి రెవెన్యూ డివిజన్ వచ్చింది. 2025 డిసెంబర్ 31 నుంచి మార్కాపురమే జిల్లా అయింది. జిల్లా కావాలని ఏళ్ల తరబడి అడిగిన ఊరు సంబరపడటం న్యాయమే. సంబరం మర్నాటి నుంచి జిల్లా ఆఫీసర్లందరికీ గదులు చూడాలి, అది వేరే సంగతి.

గది చూడటానికి ముందే ఒక కాగితం కావాలి: ఊళ్లో ఆ అవసరానికి తగిన ప్రభుత్వ భవనం ఖాళీగా లేదని ధ్రువీకరణ. తర్వాత ఇంటి యజమాని సమ్మతి పత్రం, హక్కు కాగితాలు, ఇంటిపన్ను రసీదు, ప్లాను. ఇవన్నీ జతచేసి శాఖాధికారి ఆర్ అండ్ బీకి రాస్తాడు. అప్పుడు టేపు బయటికి వస్తుంది.

ఇంటిని కొలవడం ఎవరికి రాదు అనుకుంటాం. భారతీయ ప్రమాణాల సంస్థ అలా అనుకోలేదు. దీనికోసమే ఒక ప్రమాణం రాసింది: ఐఎస్ 3861. పునాది విస్తీర్ణం అంటే ఏమిటి, లోపలి విస్తీర్ణం అంటే ఏమిటి, అద్దెకు లెక్కవచ్చే విస్తీర్ణం అంటే ఏమిటి, ఈ మూడూ ఎలా కొలవాలి అన్నదే అందులో విషయం. పునాది విస్తీర్ణం గోడల బయటి అంచుల నుంచి, గచ్చు మట్టం దగ్గర కొలుస్తారు. సజ్జలు అందులోకి రావు. గోడకంటే ముందుకు పొడుచుకొచ్చిన పునాది అంచు రాదు. లోపలి విస్తీర్ణంలో గోడల మందం పోతుంది. వరండా, నడవ, మెట్లు, స్నానాల గది దేనికది విడిగా రాయాలి.

ఈ తేడా ఎంతుంటుందో ఒక లెక్క వేసి చూద్దాం. బయటికి 40 అడుగులు, 30 అడుగులు ఉన్న ఇల్లు. పునాది విస్తీర్ణం 1,200 చదరపు అడుగులు. తొమ్మిదంగుళాల ఇటుక గోడలైతే లోపల మిగిలేది 38.5 అడుగులు, 28.5 అడుగులు, గుణిస్తే 1,097 పైచిలుకు. అదే ఇంటికి పాతకాలపు అడుగున్నర రాతిగోడలు ఉన్నాయనుకోండి. లోపల 37 అడుగులు, 27 అడుగులే, అంటే 999. బయటినుంచి చూస్తే రెండూ ఒకే ఇల్లు. లోపలికి వెళితే రెండోదాంట్లో దాదాపు ఆరో వంతు గోడలే తినేశాయి. కంభం, గిద్దలూరు పక్క పాత మిద్దె ఇళ్ల యజమానులకు ఇక్కడే కోపం వస్తుంది. తాత కట్టిన గోడ, ఎండాకాలంలో ఏసీ అక్కర్లేని గోడ, బాడుగ దగ్గరికి వచ్చేసరికి లెక్కలోంచి జారిపోతోందని. కోపంలో న్యాయముంది. అందుకే పనితనం తెలిసిన ఇంజనీరు రెండు విస్తీర్ణాలూ రాస్తాడు. కట్టుబడి ఖరీదు పునాది విస్తీర్ణం మీద లెక్కగడతాడు, ఎంతమంది కూర్చోవచ్చో లోపలి విస్తీర్ణం మీద చెబుతాడు. మందపు గోడ కట్టుబడి ఖరీదులో తన విలువ తాను చెప్పుకుంటుంది.

టేపు పట్టే చోట ఇంకో చిన్న సంగతి. మంచి ఏఈ పొడవు, వెడల్పు రాసుకొని వెళ్లిపోడు. మూలనుంచి మూలకు కూడా టేపు లాగిస్తాడు. 40, 30 ఉన్న ఇల్లు మూలమట్టానికి సరిగ్గా ఉంటే కర్ణం 50 రావాలి, రెండు కర్ణాలూ ఒకటే రావాలి. ఒకటి 49 వచ్చి ఇంకొకటి 51 వస్తే ఇల్లు వంకరగా ఉందన్నమాట, పొడవును వెడల్పుతో గుణిస్తే తప్పు లెక్క వస్తుంది. పాత ఊళ్లలో సందు ఎటు తిరిగితే ఇల్లూ అటు తిరుగుతుంది, కాబట్టి ఈ పరీక్ష ఉత్త చాదస్తం కాదు. అలాంటి ఇంటిని త్రికోణాలుగా విడగొట్టి స్కెచ్ గీస్తారు. నడుమ జోలెలా వేలాడే గుడ్డ టేపు పనికిరాదు. స్టీలు టేపు బిగదీసి పట్టాలి. పనుల కొలతలు ఎక్కించే ఎం-బుక్కులు రాసి రాసి అలవాటైన చేయి ఈ స్కెచ్‌లో కూడా కనిపిస్తుంది: సిరాతోనే రాయడం, తప్పు వస్తే రుద్దకుండా అడ్డంగా గీత కొట్టి పక్కన పొడి సంతకం చేయడం. కొట్టివేత కనిపించే కాగితాన్నే నేను ఎక్కువ నమ్ముతాను.

కొలతల దగ్గర ఎప్పుడూ వినిపించే సంభాషణ ఒకటుంది.

“వరండా కలపలేదేం సార్?”

“కలిపా పెద్దాయనా, వేరే గడిలో ఉంది చూడు.”

ఆ వేరే గడి ఉండటమే ఈ పని గొప్పతనం. ఏదీ పారేయలేదు, ఏదీ రెండుసార్లు పడలేదు.

ఇక లెక్క. దీని నడక తెలియడానికి అంకెలు నేనే పెడుతున్నాను. ఇవి ఏ ఇంటివీ కావు, శాతాలు కూడా ఆయా కాలపు ఉత్తర్వులను బట్టి మారతాయి. ఆ 1,200 అడుగుల ఇల్లు ఇవాళ కొత్తగా కడితే 15 లక్షలు అవుతుందనుకుందాం. కట్టి 20 ఏళ్లయింది. ఇంటి ఆయుష్షు 60 ఏళ్లని, ఆఖర్న తలుపులు, ఇనుము అమ్మితే పదో వంతు వస్తుందని అనుకుంటే, తరుగు పడాల్సింది పదమూడున్నర లక్షల మీద. అరవైలో ఇరవై అంటే మూడో వంతు; నాలుగున్నర లక్షలు పోయాయి. ఇల్లు ఇప్పుడు పదిన్నర లక్షలు. స్థలం విలువ సబ్ రిజిస్ట్రారు ఆఫీసు మార్కెట్ విలువ పుస్తకంలోంచి తీస్తారు, 6 లక్షలనుకుందాం. మొత్తం పదహారున్నర. దానిమీద ఏడాదికి 6 శాతం ప్రతిఫలం అంటే 99 వేలు, నెలకు 8,250. పన్నులు, మరమ్మతుల వాటా దీనిమీద చేరతాయి.

చూడటానికి ఎక్కాల లెక్క. కానీ ప్రతి మెట్టు దగ్గరా ఒక తీర్పు దాగుంది. ఆయుష్షు 60 అనాలా 80 అనాలా? దూలాలు, దంతెల మీద చవుడు మట్టి పోసిన మిద్దెకూ, ఆర్‌సీసీ శ్లాబుకూ ఒకటే ఆయుష్షు వేస్తే అన్యాయం. 20 ఏళ్ల ఇల్లయినా ఏటా వాన కారే ఇల్లు 40 ఏళ్ల వయసుతో ఉంటుంది. అందుకే శ్లాబు అడుగున చెమ్మ మరకలు, ఇనుము తుప్పుపట్టి ఊడిన పెచ్చులు, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకిన నెర్రెలు, దర్వాజా అడుగున చెద ఇవన్నీ తిరిగి తిరిగి చూడాలి. ఇంటాయన ఆ ముందు రోజే సున్నం కొట్టించి ఉంటే మరీ జాగ్రత్తగా చూడాలి.

ఈ సూత్రానికి ఒక జబ్బుంది. మార్కాపురంలో చెన్నకేశవస్వామి గుడి చుట్టుపక్కల స్థలం ధర ఎక్కువ. అక్కడ శిథిలమైన ఇంటికి కూడా స్థలం పుణ్యాన పెద్ద అద్దె పలుకుతుంది. ఊరి చివర చవక స్థలంలో కొత్తగా కట్టిన గాలి, వెలుతురు ఉన్న భవనానికి లెక్కలో తక్కువ వస్తుంది. సూత్రాన్ని గుడ్డిగా నమ్మే ఇంజనీరు మొదటి ఇంటికే సర్టిఫికెట్ ఇచ్చి చేతులు దులుపుకుంటాడు. నేర్పరి మాత్రం చుట్టుపక్కల అదేపాటి ఇళ్లకు ఎంత బాడుగ నడుస్తోందో విచారించి, లెక్కలో వచ్చిన అంకె పక్కన ఆ అంకె కూడా పెట్టి, రిమార్కుల గడిలో రెండు వాక్యాలు రాస్తాడు. సర్టిఫికెట్ చేతికొస్తే నేను ముందు చదివేది ఆ గడే.

న్యాయమైన అద్దె అన్న ఆలోచన ఈ నేల మీద పాతదే. ఆంధ్రప్రదేశ్ 1960లో చేసిన అద్దె నియంత్రణ చట్టం, న్యాయమైన అద్దె తేల్చేటప్పుడు 1944 ఏప్రిల్ 5కు ముందు పన్నెండు నెలల్లో ఆ చుట్టుపక్కల ఏ అద్దెలు నడిచాయో చూడమంది. యుద్ధకాలపు ధరలు అవి! ఇల్లు ఖాళీ అయితే యజమాని ముందు అధికారికి కబురు చేయాలని, సర్కారుకు అవసరమైతే అదే తీసుకోవచ్చని కూడా ఆ చట్టంలో ఉండేది. అంటే సర్కారు అప్పట్లో అద్దెదారుల వరుసలో అందరికంటే ముందు నిలబడేది. ఇప్పుడు ఊరి మనుషుల్లాగే ‘టు లెట్’ బోర్డు చూసి గేటు తట్టాల్సిందే.

అద్దె అంకె కంటే నాకు ఎక్కువ నచ్చే పని ఇంకొకటి, అది లెక్కలో కనిపించదు. ఇల్లు ఆఫీసుకు పనికొస్తుందా అన్నది. ఇళ్ల గదులు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు మోసేలా లెక్కగట్టాలని ఐఎస్ 875 ప్రమాణం రెండో భాగం చెబుతుంది. ఆఫీసు ఫైళ్లు పేర్చే గదికి అదే ప్రమాణం 500 కిలోలు అంటుంది. కాగితం అంత బరువు మరి. పై అంతస్తు పడకగదిలో అడంగళ్లు, రిజిస్టర్లు, పాత ఫైళ్ల మూటలు ఇనుప బీరువాల్లో నింపితే రెండున్నర రెట్ల బరువు పడుతుంది. శ్లాబు ఆ రోజే కూలిపోదు; నడుము వంగుతుంది, కింద నెర్రె తీస్తుంది, ఆ నెర్రెలోంచి నీళ్లు దిగి ఇనుము తుప్పు పడుతుంది. రికార్డు రూము కింది అంతస్తులోనే పెట్టాలి, చెద పట్టని గోడ చూసుకోవాలి అని షరతు రాసిన ఇంజనీరు ఇంటాయనకూ మేలు చేశాడు, పట్టాదారుకూ మేలు చేశాడు.

అలాగే మెట్లు. పింఛను కోసం వచ్చే ముసలమ్మను రెండో అంతస్తుకు ఎక్కించే ఆఫీసు ఎంత చవకైనా చవక కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక ర్యాంపు దయతో ఇచ్చే వసతి కాదు, ఇవ్వాల్సిన వసతి. కింది అంతస్తుకు బాడుగ కాస్త ఎక్కువ ఉంటుంది. ఆ ఎక్కువకు కారణం రాసి పెట్టడమూ ఈ పనిలో భాగమే.

పడమటి ప్రకాశంలో మాత్రం అన్నిటికంటే ముందు చూడాల్సింది నీళ్లు. కనిగిరి, మార్కాపురం ప్రాంతాల్లో ఫ్లోరైడు సంగతి రాష్ట్రమంతా ఎరిగిందే. బోరు లోతుకు పోయింది, వచ్చిన నీళ్లు తాగేందుకు పనికిరావు. ఆఫీసులో పాతికమంది సిబ్బంది, రోజూ వచ్చే జనం, హాస్టలైతే వందమంది పిల్లలు. ట్యాంకరు ఖర్చు ఎవరిది, బోరు ఎండితే ఎవరు దింపించాలి, మోటారు కాలితే ఎవరు కట్టించాలి? కోస్తాలో రాసిన ఒప్పందం నమూనాను తెచ్చి ఇక్కడ దింపితే ఈ ప్రశ్నలకు అందులో చోటుండదు. నీళ్ల షరతు ఒక పేరా పట్టి రాసిన ఒప్పందం కనిపిస్తే, రాసినవాడు ఈ ప్రాంతం ఎరిగినవాడని చెప్పేయొచ్చు.

ఒప్పందం గడువు గురించి ఒక్క మాట. ఏడాదికి మించిన లీజునే రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మొదట చెప్పింది. పదకొండు నెలల ఒప్పందాలు అందుకే పుట్టాయి. 1999లో వచ్చిన రాష్ట్ర సవరణ తర్వాత ఇక్కడ గడువు ఎంతైనా లీజును రిజిస్టరు చేయించాలి. లీజుకు స్టాంపు ఖర్చు మామూలుగా అద్దెదారుది. అద్దెదారు సర్కారే అయినప్పుడు తన జేబులోంచి తీసి తన జేబులోనే వేసుకోవడం దేనికని స్టాంపు చట్టం 3వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది.

తర్వాతదంతా ట్రెజరీ దారి. రాష్ట్ర బడ్జెట్ పద్దుల్లో అద్దెలు, రేట్లు, పన్నులకు 140 అంకె; నీళ్లు, కరెంటు ఛార్జీలకు 133. 2018 నుంచి బిల్లులు ఆన్‌లైన్ ఖజానా వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లో ఎక్కుతున్నాయి. 140 కింద బడ్జెట్ విడుదలైతేనే ఇంటాయన ఖాతాలో డబ్బు పడుతుంది, లేకపోతే సర్టిఫికెట్ ఎంత ముచ్చటగా ఉన్నా బాడుగ రాదు. ఈ ఆలస్యానికి భయపడే చాలామంది మంచి ఇళ్లను సర్కారుకు ఇవ్వరు. ఇంజనీరు చేసిన పని విలువను తగ్గించేది ఇదొక్కటే, అది ఆయన చేతిలో లేదు.

వేరే చోట్ల ఈ పనికి ఒకే ఇంటి పెద్దను పెట్టుకున్నవాళ్లున్నారు. అమెరికాలో 1949లో ఏర్పడిన జనరల్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్ సమాఖ్య ప్రభుత్వ ఆఫీసులకు భవనాలు కడుతుంది, అద్దెకు తీసుకుంటుంది; శాఖలు దానికి అద్దె కడతాయి. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకు చోటు చూపించడానికి ఎస్టేట్స్ డైరెక్టరేట్ ఉంది. తపాలా శాఖకు అద్దెలు తేల్చే కమిటీ సొంతంగా ఉంది. మన రాష్ట్రంలో ఏ శాఖ ఇల్లు ఆ శాఖే వెతుక్కుంటుంది. ఒకే వీధిలో మూడు శాఖలు మూడు ఇళ్లు తీసుకొని మూడు మీటర్లు, మూడు బోర్లు, మూడు కాపలాలు నడిపే వీలుంది. కొత్త జిల్లాలో అలా కాకుండా శాఖలన్నిటి అవసరం ఒక్క చోట రాసుకొని ఇళ్లు చూస్తే అద్దె తగ్గుతుంది, జనానికి తిరుగుడు తగ్గుతుంది. కొలిచే చేయి ఎలాగూ ఒక్కటే కదా.

సర్కారుకు ఇల్లు బాడుగకు ఇస్తున్నవారికి ఒక మాట. నెలకు ఎంత అన్న ఒక్క అంకె విని సంతకం పెట్టవద్దు. కొలతల స్కెచ్, తరుగు లెక్క, రిమార్కుల గడి ఉన్న పేజీల నకలు అడగండి. ఇంట్లో ఉన్న టేపుతో మీరూ ఒకసారి కొలుచుకోండి, మూలనుంచి మూలకు కూడా. నకలు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు. మన రాష్ట్ర నిబంధనల్లో గ్రామ స్థాయి ఆఫీసులో దానికి రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై ఆఫీసుల్లో 10 రూపాయలు. నకలుకు పేజీకి 2 రూపాయలు.